కూరగాయల కత్తికి ఒక ఉక్కు, ఆవకాయ కత్తికి మరొక ఉక్కు: ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతి తరువాత

ఈ ప్రాజెక్టులో తయారు చేయదలచినవి రెండు కత్తులు. మొదటిది వంటింట్లో రోజూ ఉల్లిపాయలు, దోసకాయలు, ఆకుకూరలు తరగడానికి పనికివచ్చే సన్నని కత్తి. రెండవది వేసవిలో ఆవకాయ కోసం మామిడికాయను టెంకతో సహా ముక్కలు కొట్టే బరువైన కత్తి. మొదటిదాని అంచు చాలాకాలం పదునుగా నిలవాలి కనుక దానికి గట్టిదనం ముఖ్యం. రెండవదాని అంచు టెంక మీద పడే ప్రతి దెబ్బనూ విరగకుండా తట్టుకోవాలి కనుక దానికి ఓర్పు ముఖ్యం. ఉక్కులో ఈ రెండు గుణాలూ సాధారణంగా ఒకదాన్ని పెంచితే మరొకటి తగ్గేవి. అందుచేత ఒకే ఉక్కును రెండు పనులకూ సర్దుబాటు చేయడం కంటే, పనిని బట్టి ఉక్కును, ఉక్కును బట్టి వేడిని నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం. ఈ డైరీ అంతా ఆ నిర్ణయాల గురించే.

ముందుగా పనికిరానివాటిని పక్కన పెట్టాను. ఇళ్ళ నిర్మాణంలో వాడే టీఎంటీ చువ్వలలోనూ, గేట్లకు వాడే మెత్తని ఇనుములోనూ కర్బనం సుమారు పావు శాతానికి మించదు. వాటిని ఎంత ఎర్రగా కాల్చి ఎందులో ముంచినా కత్తికి కావలసిన గట్టిదనం రాదు. గిన్నెలకు వాడే 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు వేడితో గట్టిపడే జాతి కానే కాదు. యంత్రాలతో ఇనుము కోసే పాత రంపపు బ్లేడ్లతో కత్తులు చేసేవారు చాలామంది ఉన్నారు. అవి వేగంగా కోసే పనిముట్లకు వాడే హైస్పీడ్ ఉక్కువైతే అప్పటికే గట్టిపడి ఉంటాయి కాబట్టి, నీళ్ళలో చల్లారుస్తూ సాన పట్టుకుంటే మంచి కత్తులే అవుతాయి. అయితే వాటిని ఒకసారి మెత్తబరిస్తే మళ్ళీ గట్టిపరచడానికి సుమారు 1200 డిగ్రీల వేడి కావాలి, అది ఇంటి కొలిమికి సాధ్యం కాదు. అచ్చులకు వాడే డీ2 అనే డై ఉక్కుకు కూడా 1010 డిగ్రీలకు పైబడిన వేడి, అంత వేడిలో గాలి తగలకుండా రక్షణ అవసరం. ఇది కూడా ఈ విడతకు వద్దనుకున్నాను.

చివరికి మిగిలినవి రెండు. కూరగాయల కత్తికి బేరింగులకు వాడే ఈఎన్ 31, ఆవకాయ కత్తికి లారీ కమాను పట్టీ.

జనవరి చివర

ఈఎన్ 31ని సికింద్రాబాదు రాణిగంజ్‌లో పట్టీగా కోయించి తెప్పించాను. అమెరికా లెక్కలో దీనినే 52100 అంటారు. ఇందులో కర్బనం సుమారు 1 శాతం, క్రోమియం సుమారు 1.5 శాతం ఉంటాయి. పట్టీతోపాటు పరీక్ష పత్రం కూడా అడిగి తీసుకున్నాను. కిలోకు కాస్త ఎక్కువ ధర పెట్టినా సరే, మొదటిసారి కత్తి చేసేవారు పేరూ పాళ్ళూ తెలిసిన ఉక్కునే కొనాలని గట్టిగా చెబుతాను. ఉక్కు ఏమిటో తెలిస్తే దానికి ఎంత వేడి పెట్టాలో, ఎందులో చల్లార్చాలో పుస్తకంలో చూసుకోవచ్చు. తెలియకపోతే ప్రతి అంకెనూ సొంతంగా పరీక్ష చేసి రాబట్టుకోవాలి.

కమాను పట్టీ విషయంలో అదే చేయవలసి వచ్చింది. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కమాన్లు విప్పే చోట పాత పట్టీలు కాటా లెక్కన దొరుకుతాయి. అవి ఏ ఉక్కువో అమ్మేవారికి తెలియవలసిన అవసరం లేదు. మన దేశంలో కమాన్లకు సిలికాన్, మాంగనీసు కలిసిన ఈఎన్ 45 రకమూ, క్రోమియం కలిసిన రకాలూ వాడుకలో ఉన్నాయి. అన్నిటిలోనూ కర్బనం అర శాతానికి కొంచెం పైన ఉంటుంది, కాబట్టి గట్టిపడతాయనడంలో సందేహం లేదు. కానీ సిలికాన్ రకానికి కావలసిన వేడి, క్రోమియం రకానికి కావలసిన వేడి ఒకటి కావు.

పాత పట్టీలతో మరొక చిక్కు ఉంది. ఏళ్ళ తరబడి బరువు కింద వంగి లేచిన పట్టీలో కంటికి కనబడని నెర్రెలు ఉండవచ్చు. బోల్టు రంధ్రం చుట్టుపక్కల, పట్టీ మీద పట్టీ రాసుకున్న చోట ఇవి ఎక్కువ. ఆ భాగాలను కోసి పారేసి, మిగిలిన ముక్కను సాన పట్టి తెల్లగా చేసి, కిరోసిన్ రాసి తుడిచి, దాని మీద సుద్దపొడి చల్లాను. నెర్రె ఉంటే అందులో ఇంకిన కిరోసిన్ సుద్ద మీద గీతలా ఊరి కనబడుతుంది. నేను ఎంచుకున్న ముక్క మీద గీతలేమీ కనబడలేదు.

ఫిబ్రవరి మొదటి పక్షం

కొలిమి పని. బొగ్గు కొలిమిలో తరతరాలుగా అద్భుతమైన పనిముట్లు తయారయ్యాయి. కానీ ఈఎన్ 31ను ఒకే వేడిలో పది నిమిషాలపాటు నిలిపి ఉంచవలసి ఉన్నందున నేను కరెంటు కొలిమిని కట్టుకున్నాను. వేడిని ఆపే తేలిక ఇటుకలలో గాడి తొలిచి, కరెంటుతో వేడెక్కే కాంథాల్ తీగ చుట్టలను అందులో అమర్చి, వేడిని కొలిచే కె రకం థర్మోకపుల్‌ను, వేడిని అదుపు చేసే పీఐడీ కంట్రోలర్‌ను కలిపాను. మొత్తం 2.5 కిలోవాట్లు తీసుకుంటుంది కనుక, దానికి విడిగా మందమైన వైరు, ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు పెట్టించాను. తలుపు తెరవగానే తీగకు కరెంటు ఆగిపోయేలా ఒక స్విచ్చు తప్పనిసరి. పట్టకారుతో కత్తిని బయటికి తీసేటప్పుడు అది తీగకు తగిలితే ప్రాణానికే ముప్పు.

థర్మోకపుల్ చూపించే అంకెను నమ్మే ముందు సరిచూసుకోవాలి. దీనికి వంటింటి ఉప్పు చాలు. సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనం మీద బాగా వేయించి తడి పూర్తిగా పోగొట్టిన మెత్తని ఉప్పును చిన్న స్టీలు మూతలో వేసి, థర్మోకపుల్ మొన పక్కనే ఉంచి, వేడిని నెమ్మదిగా పెంచుతూ సందులోంచి చూశాను. కంట్రోలర్ 806 చూపిస్తున్నప్పుడు ఉప్పు కరిగి నీటిలా మెరిసింది. ఉప్పులోని మలినాలను లెక్కలోకి తీసుకున్నా, కత్తి పనికి ఈ తేడా పెద్దది కాదు. రాళ్ళ ఉప్పును మాత్రం ఈ పనికి వాడకూడదు, లోపల చిక్కుకున్న తడి ఆవిరై చిటపటమంటూ పైకి చిమ్ముతుంది.

ఫిబ్రవరి, శివరాత్రి ముందు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన భాగం ఇది. కమాను పట్టీ నుంచి చిన్న చిన్న ముక్కలు కోసి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క వేడికి కాల్చి, వెచ్చని వేరుశనగ నూనెలో చల్లార్చి, ఆకురాయితో రుద్ది చూసి (ఉక్కు గట్టిపడితే ఆకురాయి జారుతుంది, లేకపోతే పడుతుంది), ఆ తరువాత వైసులో బిగించి సుత్తితో విరగగొట్టాను. విరిగిన చోట కనబడే రేణువులు ఆ ఉక్కు లోపలి స్థితిని నేరుగా చెబుతాయి.

800 డిగ్రీల దగ్గర చల్లార్చిన ముక్కను ఆకురాయి కొంతమేర పట్టింది, విరగడానికి ముందు ముక్క కాస్త వంగింది కూడా. 840 దగ్గర ఆకురాయి చాలావరకు జారింది, కానీ అక్కడక్కడా పట్టింది. 880 దగ్గర ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోయింది, ముక్క వంగకుండా టక్కున విరిగింది, విరిగిన చోట బూడిద రంగులో నున్నగా, మెరుపు లేకుండా ఉంది. పోల్చి చూసుకోవడానికి ఒక ముక్కను కావాలనే 1000 డిగ్రీలు దాటించి చల్లార్చాను. అది కూడా గట్టిపడింది, ఆకురాయి దానిమీదా జారింది. అయితే అది చిన్న దెబ్బకే విరిగిపోయింది, విరిగిన చోట పంచదార పలుకుల్లా పెద్ద పెద్ద రేణువులు మెరుస్తూ కనబడ్డాయి. ఈ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆకురాయి పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదో వెంటనే బోధపడుతుంది. ఆకురాయి గట్టిదనాన్ని మాత్రమే చెబుతుంది. కత్తి టెంక మీద పడినప్పుడు విరుగుతుందా లేదా అన్నది రేణువుల పరిమాణం మీద ఆధారపడి ఉంటుంది.

పూర్తిగా గట్టిపడడానికి 880 వరకు వెళ్ళవలసి రావడాన్ని బట్టి, ఇది సిలికాన్ రకమేనని నిర్ధారణకు వచ్చాను. సిలికాన్ ఉన్న ఉక్కులో ఇనుము స్ఫటికాల అమరిక మారి, చల్లార్చితే గట్టిపడే స్థితి అయిన ఆస్టెనైట్‌గా అయ్యే వేడి పైకి జరుగుతుంది. ఇక్కడే అయస్కాంతం పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి. ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానగానే నూనెలో ముంచవచ్చని చాలామంది చెబుతారు. ఇనుము అయస్కాంత గుణాన్ని కోల్పోయేది సుమారు 770 డిగ్రీల దగ్గర. కర్బనం 0.8 శాతం దగ్గర ఉండి, మరే లోహమూ పెద్దగా కలవని మామూలు ఉక్కుకు ఆ గుర్తు దాటి మరికొంచెం వేడి చేస్తే సరిపోతుంది. నా కమాను పట్టీకి మాత్రం ఆ గుర్తు దాటాక ఇంకా వంద డిగ్రీల ప్రయాణం మిగిలి ఉంది.

మా వీధి చివర కొలిమి పెట్టుకున్న కమ్మరి తాతగారికి ఈ ముక్కలు చూపించాను. 880 ముక్కను చేతిలో తిప్పి చూసి తల ఊపారు. "నువ్వు అంకె చూసుకుంటున్నావు, మేం రంగు చూస్తాం. ఎండలో రంగు తెలియదు అబ్బాయ్, పొద్దు గూకినాక పెట్టు," అన్నారు. ఆ సాయంత్రం ఆయన కొలిమి దగ్గర నిలబడి ఒక కొడవలిని వేడెక్కిస్తుండగా చూశాను. ఎరుపు మీద ఒక నీడ కదిలి, అంచు నుంచి వెన్ను వైపు పాకి మాయమైంది. స్ఫటికాల అమరిక మారేటప్పుడు ఉక్కు వేడిని మింగుకోవడం వల్ల అక్కడ వెలుగు కాసేపు తగ్గి, నీడలా కనబడుతుంది. ఆ నీడ పూర్తిగా దాటిన తరువాతే ఆయన కొడవలిని బయటికి తీశారు. థర్మోకపుల్ లేనివారికి అయస్కాంతం కంటే ఈ నీడ మంచి గుర్తు, ఎందుకంటే అది ఆ ఉక్కు తన మార్పును తానే చూపించడం.

మార్చి ఆరంభం

రెండు కత్తులనూ గీసి, కోసి, సాన మీద రూపం తెచ్చాను. కూరగాయల కత్తి వెన్ను దగ్గర 2.5 మిల్లీమీటర్లు, ఆవకాయ కత్తి 6 మిల్లీమీటర్లు. పిడి రివెట్ల రంధ్రాలన్నీ ఇప్పుడే వేయాలి, గట్టిపడ్డాక డ్రిల్లు దిగదు. అంచును ఇప్పుడే పదును చేయకుండా కూరగాయల కత్తికి సుమారు అర మిల్లీమీటరు, ఆవకాయ కత్తికి ఒక మిల్లీమీటరు మందం వదిలాను. కాలేటప్పుడు పైపొరలోని కర్బనం కొంత గాలిలో కలిసిపోతుంది, పలుచని అంచు వంకర తిరుగుతుంది, ఒక్కోసారి చీలుతుంది కూడా. అడ్డంగా పడిన సాన గీతలను కూడా నిలువుగా రుద్ది తీసేశాను. నూనెలో పడిన క్షణంలో చీలిక మొదలయ్యేది అలాంటి గీతల దగ్గరే.

కమాను పట్టీని కొలిమిలో పెట్టి, సమ్మెటతో కొట్టి వంపు తీయవలసి వచ్చింది కనుక, దానికి నార్మలైజింగ్ చేశాను. అంటే 900, 870, 840 డిగ్రీల చొప్పున క్రమంగా తగ్గిస్తూ వేడిచేసి, ప్రతిసారీ గాలిలో నల్లబడేదాకా చల్లారనివ్వడం. దీనితో దెబ్బల వల్ల లోపల పేరుకున్న బిగువు పోయి, రేణువులు సన్నబడతాయి. ఈఎన్ 31ను కొట్టలేదు, మిల్లు నుంచి మెత్తబరిచిన స్థితిలోనే వచ్చింది, కాబట్టి దానికి ఇది అవసరం లేదు.

మార్చి, మూడో వారం

కూరగాయల కత్తిని గట్టిపరిచిన రోజు. పది లీటర్ల వేరుశనగ నూనెను నిలువుగా ఉండే ఇనుప డబ్బాలో పోసి 55 డిగ్రీలకు వేడి చేశాను. నూనె వెచ్చగా ఉంటే పలచబడుతుంది, కత్తి చుట్టూ ఏర్పడే ఆవిరి పొర త్వరగా తెగుతుంది, ఫలితంగా చల్లని నూనె కంటే వెచ్చని నూనే వేగంగా చల్లారుస్తుంది. డబ్బాకు సరిపడే ఇనుప మూత చేతికి అందేలా, తడి వస్తువేదీ దగ్గరలో లేకుండా చూసుకున్నాను. నూనె అంటుకుంటే మూత వేయాలి, నీళ్ళు ఎన్నడూ పోయకూడదు.

నూనెకు బదులు నీళ్ళు ఎందుకు వాడలేదంటే, ఈఎన్ 31లోని క్రోమియం వల్ల అది నూనెలోనే తేలికగా గట్టిపడుతుంది. కర్బనం మాత్రమే ఉన్న 1095 వంటి ఉక్కు అయితే ఒక సెకను లోపల 540 డిగ్రీల కిందికి దిగకపోతే పెర్లైట్‌గా మారి మెత్తగా మిగిలిపోతుంది. ఈఎన్ 31కు అంతకంటే చాలా ఎక్కువ వ్యవధి ఉంటుంది. దానిని నీళ్ళలో ముంచడం అంటే చీలికను చేజేతులా ఆహ్వానించడమే.

వేడి విషయంలో మాత్రం ఈ ఉక్కు పట్టుదలగా ఉంటుంది. 830 డిగ్రీలకు చేరాక పది నిమిషాలు నిలిపాను. కర్బనం క్రోమియంతో ముడిపడి ఏర్పడిన గట్టి రేణువులు, అంటే కార్బైడ్లు, కరగడానికి సమయం కావాలి, కానీ అవి మొత్తం కరిగిపోకూడదు. ఉన్న కర్బనంలో కొంత భాగం మాత్రమే కరిగి, మిగతాది సన్నని కార్బైడ్ రేణువులుగా మిగిలిపోతే, ఆ రేణువులే అంచు అరగకుండా కాపాడతాయి. వేడి మితిమీరితే కర్బనం ఎక్కువగా కరిగి, చల్లారాక కూడా కొంత ఆస్టెనైట్ మారకుండా మిగిలిపోతుంది. అప్పుడు గట్టిదనం తగ్గుతుంది, పెళుసుతనం పెరుగుతుంది. కర్బనం ఎక్కువైన కొద్దీ వేడిని సహించే హద్దు ఇరుకవుతుందన్న సంగతి ఈ నేలకు కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది. ఒకటిన్నర శాతం దాకా కర్బనం ఉండే అటువంటి ఉక్కును తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొట్టబోయిన యూరపు కమ్మరుల సుత్తి కింద అది ముక్కలైపోయేది. తక్కువ ఎరుపులో ఓపికగా కొట్టడం తెలిసిన చేతుల్లోనే అది కత్తి అయింది.

కత్తిని మొన కిందికి పెట్టి నిలువుగా ముంచి, పక్కకు ఊపకుండా ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలించాను. పక్కకు ఊపితే ఒకవైపు ముందుగా చల్లారి వంకర తిరుగుతుంది. పొగ తగ్గాక బయటికి తీసి చూస్తే, మొన దగ్గర కొద్దిపాటి వంపు కనబడింది. ఉక్కు సుమారు 200 డిగ్రీల దగ్గరికి దిగాకే దాని గట్టి రూపమైన మార్టెన్‌సైట్‌గా మారడం మొదలవుతుంది. ఆ లోపు కొన్ని క్షణాలపాటు అది చేతికి లొంగుతుంది. దళసరి గ్లవుజులతో రెండు చెక్కల మధ్య నొక్కి వంపు సరిచేసి, అలాగే పట్టుకుని చల్లారనిచ్చాను. పైపొరను కొద్దిగా గీకి ఆకురాయి పెడితే జారింది. పైపొరను గీకకుండా పరీక్షిస్తే కర్బనం పోయిన పొరను ఆకురాయి పట్టుకుని, కత్తి గట్టిపడలేదన్న తప్పుడు అభిప్రాయం కలిగిస్తుంది.

గట్టిపడిన కత్తిని రాత్రంతా అలా వదిలేయకూడదు, లోపలి బిగువుకు దానంతట అదే చీలవచ్చు. చేతితో పట్టుకోగలిగేంత చల్లారగానే, పెళుసుతనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్ళీ కాచే టెంపరింగ్‌కు పెట్టాను. ఇంటి ఓవెన్ థర్మోస్టాట్ ఇరవై ముప్పై డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతుంది. అందుకని ఓవెన్‌లో ఇసుక నింపిన ట్రే పెట్టి, ఇసుకలోనే థర్మోకపుల్ ఉంచి, ఇసుక 200 డిగ్రీల దగ్గర నిలకడగా నిలిచాక కత్తిని అందులో పాతాను. రెండు గంటలు, చల్లార్చి మళ్ళీ రెండు గంటలు. బయటికి తీసి సాన పట్టిన చోట చూస్తే, లేత గడ్డి రంగు వచ్చింది. ఈ రంగు వేడి ఒక్కదాని మీదే కాక, ఎంతసేపు ఉంచామన్నదాని మీదా, ఉక్కులో కలిసిన లోహాల మీదా ఆధారపడుతుంది కాబట్టి దానిని సాక్ష్యంగా చూడవచ్చు, కొలతగా తీసుకోకూడదు.

ఉగాది తరువాత

ఆవకాయ కత్తి వంతు. 880 డిగ్రీలు, ఐదు నిమిషాలు, అదే నూనె. మందం ఎక్కువ కాబట్టి నూనెలో ఎక్కువసేపు ఉంచాను. వంపు రాలేదు. దీనిని 240 డిగ్రీల దగ్గర రెండుసార్లు టెంపర్ చేశాను. క్రోమియం రకం కమాను ఉక్కు అయితే 260 నుంచి 370 డిగ్రీల మధ్య టెంపరింగ్ చేయడం ప్రమాదం, ఆ మధ్యలో మెత్తబడుతూనే పెళుసెక్కే గుణం దానికి ఉంది. సిలికాన్ ఆ హద్దును పైకి నెడుతుంది, మెత్తబడడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది. అయినా నా ఉక్కును పరీక్షల ద్వారా మాత్రమే గుర్తించాను తప్ప పత్రం లేదు కనుక, హద్దుకు దూరంగానే ఉండిపోయాను.

రెండు కత్తులనూ ఒక టూల్‌రూములో రాక్‌వెల్ యంత్రం మీద పెట్టించాను. 150 కిలోల బరువుతో వజ్రపు మొనను ఉక్కులోకి దించి, అది దిగిన లోతును బట్టి గట్టిదనం చెప్పే యంత్రం అది. పిడి కిందికి పోయే చోట, పైపొర గీకి కొలిపించాను. కూరగాయల కత్తి 61, ఆవకాయ కత్తి 56. రెండూ నేను కోరుకున్న పరిధిలోనే ఉన్నాయి.

ఏప్రిల్

అంచు తీసే పని. సాన చక్రం మీద ప్రతి వరసకూ కత్తిని నీళ్ళలో ముంచుతూ, గ్లవుజులు లేకుండా పట్టుకున్నాను. వేళ్ళకు వేడి తగిలితే ఆపాలి. అంచు మీద నీలి రంగు ఒక్క క్షణం కనబడినా అక్కడ వేడి 300 డిగ్రీల దగ్గరికి పోయిందనీ, ఓవెన్‌లో సాధించిన గట్టిదనం ఆ చోట పోయిందనీ అర్థం. కూరగాయల కత్తికి ఒక్కోవైపు 15 డిగ్రీల కోణం, ఆవకాయ కత్తికి 25 డిగ్రీలు ఇచ్చాను.

కూరగాయల కత్తి ఇప్పటికి వంటింట్లో స్థిరపడింది. టమాటా తొక్క మీద ఒత్తకుండానే దిగుతోంది. ఇది స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి నిమ్మకాయ, చింతపండు తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలితే తుప్పు పడుతుంది. వాడిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాయాలని ఇంట్లో అందరికీ చెప్పాను.

ఆవకాయ కత్తిని మార్కెట్లోకి వచ్చిన తొలి కాయల మీద పరీక్షించాను. ముదిరిన టెంకలు రెండుగా విడిపోయాయి. గంప కాయలు కొట్టిన తరువాత భూతద్దం పెట్టి అంచును చూస్తే, ఎక్కడా పెచ్చు ఊడలేదు, ఒక్క చోట మాత్రం సన్నగా ఒక పక్కకు వాలింది. అంచు విరగకుండా వాలిందంటే ఓర్పు చాలినంత ఉంది, గట్టిదనం మరికొంచెం పెంచుకోవడానికి చోటుంది. అంచు మళ్ళీ వాలకుండా ఈ కత్తి అంచు కోణాన్ని 28 డిగ్రీలకు పెంచి మళ్ళీ పదును పెట్టాను. అదే పట్టీ నుంచి మిగిలిన ముక్కతో చేయబోయే రెండో ఆవకాయ కత్తిని, మరికొంచెం గట్టిగా ఉండేలా, 220 డిగ్రీల దగ్గర టెంపర్ చేసి, రెండింటినీ ఒకే గంప కాయల మీద పోల్చి చూస్తాను.